లారీవాడి పట్టింపుకు పొగరు అని పేరు పెట్టకండి

మిల్లుల దగ్గర, గోడౌన్ల దగ్గర, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల అరుగుల మీద చాలా ఏళ్ళుగా ఒక మాట వింటున్నాను. లారీవాళ్ళకు పొగరట. బండిని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసుకుంటారు గానీ, సరుకిచ్చిన పార్టీతో మర్యాదగా మాట్లాడటం చేతకాదట. ఇనుము మీద ఉన్న ప్రేమలో పదో వంతు అన్నం పెట్టే పార్టీ మీద ఉంటే రవాణా రంగం ఎప్పుడో బాగుపడేదట. ఈమధ్య చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాటే అంటున్నారు. కస్టమరు దేవుడని డ్రైవర్లకు తరగతులు పెట్టి నేర్పాలని వాళ్ళ సలహా.

నేను ఇరవై ఏడేళ్ళు స్టీరింగు పట్టాను. అందులో పద్దెనిమిదేళ్ళు సొంత బండి మీదే. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ మాట తప్పు. పైగా సరుకు పంపేవాళ్ళకే నష్టం తెచ్చే మాట. లారీవాడికి బండి మీద ఉన్న పట్టింపే పార్టీ సరుకుకు కాపలా. దాన్ని వదులుకోమని చెప్పేవాళ్ళు తమ సరుకును తామే గాలికి వదులుకుంటున్నారు.

ముందు ఆ దేవుడి సంగతి చూద్దాం. కస్టమరే మనకు ముఖ్యమైన అతిథి, మనం అతనికి ఉపకారం చెయ్యడం లేదు, అతనే మనకు అవకాశమిచ్చి ఉపకారం చేస్తున్నాడు అనే అర్థం వచ్చే బోర్డు మన ఊళ్ళలో ఎన్ని ఆఫీసుల గోడల మీద వేలాడుతోందో లెక్కలేదు. కింద గాంధీగారి పేరు ఉంటుంది. కొన్నిటి మీద 1890లో జోహన్నెస్‌బర్గ్‌లో చెప్పారని కూడా రాసి ఉంటుంది. 1890లో గాంధీగారు లండన్‌లో బారిస్టరు చదువులో ఉన్నారు. దక్షిణాఫ్రికాలో ఆయన కాలు పెట్టింది 1893లో. ఆ మాటలు 1941లో అచ్చులో కనిపిస్తాయి, చెప్పినవాడు అమెరికాలో స్టూడ్‌బేకర్ అనే మోటారు కంపెనీకి అమ్మకాల వైస్ ప్రెసిడెంటుగా ఉన్న కెనెత్ ఎలియట్. ఆ కంపెనీ కార్లూ లారీలూ తయారుచేసి అమ్మేది. అమ్మకాల పెద్ద తన కింద పనిచేసే అమ్మకందార్లకు చెప్పుకున్న పాఠం అది. దాన్ని మహాత్ముడి నోట పెట్టి, తొమ్మిది వందల కిలోమీటర్లు నిద్ర ఆపుకుని వచ్చిన డ్రైవరు ముందు పెట్టడం న్యాయం కాదు. షోరూములో కొనడానికి వచ్చినవాడూ, గేటు బయట రెండు రోజులు లారీని నిలబెట్టినవాడూ ఒకటి కాదు.

ఇక ముస్తాబు గురించి. విజయవాడ ఆటోనగర్‌లో బండికి బాడీ కట్టించుకున్నవాడికి ఆ రోజులు గుర్తుంటాయి. ఛాసిస్ తెచ్చి షెడ్డు ముందు పెడితే వడ్రంగీ వెల్డరూ పెయింటరూ కలిసి నెల రోజులకు పైగా దాని మీద పడేవాళ్ళు. ఏ చెక్క వాడాలి, అడుగు రేకు ఎంత మందం ఉండాలి, వెనక డాలా కొక్కేలు ఎక్కడ రావాలి, తాడు కట్టే కడ్డీలు ఎన్ని ఉండాలి అన్నీ ఓనరు దగ్గరుండి చెప్పుకునేవాడు. చివర్న నుదుటి మీద దుర్గమ్మ పేరు, పక్కన పిల్లల పేర్లు, వెనక తామరపువ్వులు. చూసేవాళ్ళకు ఆ పువ్వులే కనిపిస్తాయి. ఆ పువ్వుల కింద బిగించిన కొక్కేలు కనిపించవు. బాడీ కట్టించేటప్పుడు రేకు మందం గురించి వెల్డరుతో పోట్లాడిన మనిషే, తర్వాత పదేళ్ళు పార్టీ బస్తా కింద నుంచి నీళ్ళు రాకుండా చూసుకునేవాడు. దసరాకు గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, పసుపు కుంకుమ పెట్టే చెయ్యే తెల్లవారుజామున గ్రీజు గన్ను పట్టుకునేది. ఇది వేరు, అది వేరు అని విడదీసి చూడటం బండి ఎక్కనివాళ్ళ చూపు.

పట్టింపు అంటే ఏమిటో దగ్గర నుంచి చూపిస్తాను. పది టైర్ల బండికి వెనక జంట టైర్లుంటాయి. లోపలి టైరులో గాలి దిగిపోతే బయటికి కనిపించదు, బయటి టైరు బరువు మోస్తూనే ఉంటుంది. అందుకే దాబా దగ్గర ఆగగానే క్లీనరు ఇనుప రాడ్డు తీసుకుని ఒక్కో టైరునూ కొట్టి వింటాడు. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరొస్తుంది, గట్టి చప్పుడు వస్తుంది. తగ్గితే మెత్తగా బొద్దుమంటుంది. ఆ బొద్దుమనే చప్పుడును నిర్లక్ష్యం చేస్తే యాభై కిలోమీటర్ల తర్వాత టైరు వేడెక్కి పేలుతుంది, ఒక్కోసారి బండే అంటుకుంటుంది. భోజనం ఆలస్యమైనా సరే, పది చప్పుళ్ళూ విన్నాకే మా క్లీనరు చేతులు కడుక్కునేవాడు. ఇందులో ఏ భాగం పార్టీకి అవమానమో చెప్పండి.

ఒక నవంబరులో గుంటూరు నుంచి చెన్నైకి మిర్చి వేసుకుని బయల్దేరాను. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన ఏసీ సరుకు, మూడు వందల యాభై టిక్కీలు, అంటే బస్తాలు. మిర్చి సరుకు బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. పైకి ఎంత పేరిస్తే గాలి అంత పడుతుంది. ఒంగోలు దాటాక మబ్బు పట్టింది, కావలి దగ్గరికి వచ్చేసరికి గాలివాన. ముందుకు పోతే టైముకు చేరతాం. కానీ గాలికి పట్టా ముందు అంచు లేచి కొట్టుకుంటున్న చప్పుడు క్యాబిన్‌లోకి వినబడుతోంది. బండి పక్కకు తీసి ఇద్దరం పైకెక్కాం. రెండు పట్టాలు కప్పేటప్పుడు వెనకది ముందు పరచాలి, దాని మీదికి ముందు పట్టా రావాలి, పెంకుటింటి పెంకుల వరసలా. అటూ ఇటూ అయితే బండి వేగానికి గాలి లోపలికి దూరుతుంది, గాలి వెంట నీళ్ళు దూరతాయి. తడిసి బిర్రబిగిసిన ముళ్ళను పళ్ళతో లాగి విప్పాం. పట్టా సరిచేసి మళ్ళీ బిగించాం. మిర్చి ఘాటు వాననీళ్ళతో కలిసి కళ్ళలోకి కారింది. మొత్తం మూడున్నర గంటలు పట్టింది.

చెన్నైలో దించుకునే పార్టీ గుమస్తా మొదట అడిగింది టైము. నాలుగు గంటలు లేటు. బ్యాలెన్సులో రెండు వేలు కోసేశాడు. టిక్కీలు దించుతూ హమాలీలు ఒక్కటి కూడా తడిసిందని అనలేదు. ఎందుకంటే ఒక్కటి కూడా తడవలేదు. తడిసిన మిర్చి బూజు పడుతుంది, రంగు పోయి తాలు కింద లెక్కకొస్తుంది, ధర సగానికి పడిపోతుంది. ఆ సరుకు విలువ లక్షల్లో. ఆ రోజు గట్టిగా అడిగాను, ముందు సరుకు చూడండి, తర్వాత గడియారం చూడండి అని. వాళ్ళ పుస్తకంలో నా బండి నంబరు పక్కన ఏం రాసుకున్నారో నాకు తర్వాత తెలిసింది. డ్రైవరు నోటి దురుసు అని.

కష్టమైన కస్టమర్లు అన్ని వ్యాపారాల్లోనూ ఉంటారు. ఈ వ్యాపారంలో మాత్రం వాళ్ళ చేతికి ఒక పలుపుతాడు దొరుకుతుంది. దాని పేరు బ్యాలెన్సు. కిరాయిలో కొంత అడ్వాన్సుగా ఇచ్చి, మిగతాది సరుకు దించి సంతకం పెట్టిన కాపీ తెచ్చాక ఇస్తామంటారు. డీజిలుకూ టోలుకూ ఆ అడ్వాన్సు అయిపోతుంది. ఓనరుకు మిగిలేదేదైనా ఉంటే అది ఆ బ్యాలెన్సులోనే ఉంటుంది. దాన్ని పట్టుకుని లేటు అని, తరుగు అని, గోనె చిరిగిందని ఎంతైనా కొయ్యొచ్చు. నోరెత్తితే పొగరు. ఎత్తకపోతే నెల వాయిదా కట్టలేక ఫైనాన్సువాళ్ళు బండి లాక్కుపోతారు. మర్యాద నేర్పాలనేవాళ్ళు ఈ తాడు ఎవరి చేతిలో ఉందో ముందు చూడాలి.

తరుగు సంగతి మరీ చెప్పాలి, ఎందుకంటే అక్కడ జరిగేది చాలామంది పార్టీలకు కూడా తెలియదు. మిర్యాలగూడలో బియ్యం వేసుకుని బెంగుళూరు వెళ్ళాను. మిల్లు ఎదురు బంకులో ట్యాంకు నింపుకున్నాకే ఖాళీ బండి కాటా ఎక్కింది. నేనూ క్లీనరూ క్యాబిన్‌లోనే ఉన్నాం. లోడయ్యాక మళ్ళీ అలాగే ఎక్కాం. సరుకు సరిగ్గా 18 టన్నులు. బెంగుళూరు గోడౌన్ దగ్గర నిండు బండిని కాటా ఎక్కించేటప్పుడు మమ్మల్ని ఇద్దరినీ దిగమన్నారు. మిల్లు చీటీ మీద ఉన్న నిండు బరువుకూ ఇక్కడి బరువుకూ 270 కిలోలు తేడా వచ్చింది. అప్పటి లెక్కన కిలో నలభై రూపాయలు, పదివేల ఎనిమిది వందలు కోత అన్నాడు గుమస్తా.

"అన్నా, ఖాళీ బండిని కూడా తూచి తీసెయ్యండి, అప్పుడు తేలుద్ది" అన్నాను.

"మాకు ఎప్పుడూ ఒక్క కాటానే. ఇష్టమైతే సంతకం పెట్టు, లేకపోతే పక్కకు పెట్టు" అన్నాడు.

ఆరు వందల కిలోమీటర్లలో బండి దాదాపు 150 లీటర్ల డీజిలు తాగింది. నీళ్ళ కన్నా డీజిలు తేలిక, 150 లీటర్లు ఇంచుమించు 125 కిలోలు తూగుతుంది. దిగిపోయిన మేమిద్దరం కలిపి 130 కిలోలు. అంటే తగ్గిన 270లో 255 కిలోలు బియ్యమే కాదు. సంతకం పెట్టలేదు. సరుకు దించాక కూడా గేటు దగ్గర బండి అడ్డంగా పెట్టి రాత్రి తొమ్మిదింటి వరకు కూర్చున్నాను. సెక్యూరిటీవాళ్ళు తిట్టారు, వెనక ఆగిన డ్రైవర్లు కూడా విసుక్కున్నారు. ఆఖరికి ఖాళీ బండి కాటా ఎక్కింది. అసలు తరుగు 15 కిలోలు. గోనె సంచుల మీద హమాలీ కొక్కెం పడిన చోట రాలిన గింజలకు అది సరిపోతుంది. దానికి ఆరు వందలు కట్టి వచ్చేశాను. ఆ గోడౌనువాళ్ళు నన్ను మళ్ళీ పిలవలేదు. అంతకు ముందు ఆ ఒక్క కాటా కింద ఎంతమంది డ్రైవర్లు తాము తినని బియ్యానికి, తమ బండి తాగిన డీజిలుకు డబ్బు కట్టి వెళ్ళారో ఆ దేవుడికే తెలియాలి.

పార్టీ మాటకు ఎదురు చెప్పకూడదు అనే సూత్రం ఇంకా పెద్ద ప్రమాదం తెచ్చేది ఓవర్‌లోడు దగ్గర. 2018లో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచాక పది టైర్ల బండి సరుకుతో సహా 28.5 టన్నులు తూగవచ్చు. అంతకు ముందు 25 టన్నులే. పరిమితి పెంచితే ఓవర్‌లోడు తగ్గుతుందనుకున్నాం. కొన్ని పార్టీలు ఆ పెంపును అడుగు మెట్టు చేసుకున్నాయి. ఇంకో మూడు టన్నులు పడనివ్వు, నీ బండికి ఏం కాదులే, కిరాయి మాత్రం అంతే అంటారు. 2019 సెప్టెంబరు నుంచి ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. మూడు టన్నులకు 26,000. మోటారు వాహనాల చట్టం ఆ బండి నడిపినవాడితో పాటు నడిపించినవాడిని కూడా బాధ్యుణ్ణి చేసింది. చెక్‌పోస్టు దగ్గర మాత్రం నడిపించినవాడు ఉండడు.

వద్దు అని నేను ఎన్నోసార్లు అన్నాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన కారణం చట్టం కాదు, నా బండి. కమాను పట్టీలు విరుగుతాయి, బ్రేకు నిలబడదు, ఘాటు దిగేటప్పుడు డ్రమ్ములు కాలుతాయి అని చెప్పేవాణ్ణి. ఇదిగో, మళ్ళీ బండి మీద ప్రేమ అనేవాళ్ళు. ఔను, బండి మీద ప్రేమే. ఆ ప్రేమ లేని డ్రైవరు ఆ మూడు టన్నులూ వేసుకుని, దిగుడులో బ్రేకు అందక ఎదురుగా వస్తున్న ఆటో మీదికి పోతే ఎవరి పిల్లలు పోతారు? బండిని అద్దె పనిముట్టులా చూసే మనిషికి ఓవర్‌లోడు సమస్యే కాదు. విరిగితే ఓనరుది విరుగుతుంది, పోతే పోతుంది. వద్దు అని చెప్పగలిగేది బండిని తనదనుకునేవాడే.

టైము సంగతీ అంతే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని మామూలుగా రోజుకు 8 గంటలకు పరిమితం చేసింది. నడుమ విశ్రాంతి ఇవ్వాలంది. రేపు తెల్లారేసరికి నా గేటు ముందుండాలి అని సాయంత్రం ఆరింటికి లోడు చేసి పంపే పార్టీ ఆ హద్దును డ్రైవరు కాళ్ళతో తొక్కిస్తోంది. అలా పరుగెత్తించి తెచ్చుకున్న బండినే, హమాలీలు లేరు, గోడౌన్లో చోటు లేదు అని రెండు రోజులు ఎండలో నిలబెట్టడం నేను లెక్కపెట్టలేనన్ని సార్లు చూశాను. నిలబెట్టినందుకు హాల్టింగ్ డబ్బు అడిగితే దేబిరించినట్టు చూస్తారు. స్నానానికి చోటుండదు, దొడ్డికి చోటుండదు. ఎండాకాలం ఇంజను వేడి పక్కన ఆ క్యాబిన్‌లోనే పడుకోవాలి. కొత్త లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది 2025 అక్టోబరు 1 నుంచి మాత్రమే. అందులో ఒక మనిషి బతుకుతున్నాడని ప్రభుత్వానికి తెలియడానికే అన్నేళ్ళు పట్టింది. ఆ ఇరుకు గదిని కడిగి, దేవుడి పటం పెట్టి, రంగు తెరలు కట్టుకుని ఇల్లు చేసుకున్నవాణ్ణి చూసి షోకు అనడానికి మనసెలా వస్తుంది?

మా తప్పులూ చెబుతాను, దాచను. తాగి నడిపేవాళ్ళున్నారు. ట్యాంకులోంచి డీజిలు, బస్తాలోంచి సరుకు తీసి అమ్ముకునేవాళ్ళున్నారు. రాత్రి ఎదురొచ్చేవాడి కళ్ళలోకి పెద్ద లైటు కొట్టేవాళ్ళున్నారు. ఫోను ఎత్తకుండా పార్టీని రెండు రోజులు ఏడిపించేవాళ్ళున్నారు. వాళ్ళ మీద కేసు పెట్టండి, మళ్ళీ లోడివ్వకండి. కానీ ఇన్నేళ్ళలో నేను చూసినంతవరకు అలాంటివాడి బండి దగ్గరికి వెళితే చక్రాలకు వారాల నాటి మట్టి ఉంటుంది, పట్టా చిల్లులు కుట్టి ఉండవు, తాళ్ళు ముళ్ళు పడి ఉంటాయి. బండిని ప్రేమించేవాడు సరుకు దొంగిలించడం నేను చాలా అరుదుగా చూశాను. పార్టీలకు మంచి డ్రైవరును గుర్తుపట్టే ఉపాయం కావాలంటే అతని నవ్వు చూడకండి, పట్టా మీది కుట్లు చూడండి.

ఇంకా అన్నం పెట్టేదెవరు అనే మాట ఒకటి మిగిలింది. 2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్‌కు పదేళ్ళ దాకా శిక్ష అనే కొత్త చట్టం మీద డ్రైవర్లు బండ్లు ఆపారు. రెండో తేదీకి హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. ఆ సెక్షను అమలు కేంద్రం ఆపింది, కొత్త శిక్షాస్మృతి 2024 జూలైలో వచ్చినా ఆ భాగాన్ని పక్కన పెట్టే తెచ్చింది. ఆ రెండు రోజులు జనానికి బాగా ఇబ్బంది అయింది, అది నాకు సంతోషం కాదు. కానీ ఎవరు ఎవరికి అన్నం పెడుతున్నారో ఆ రెండు రోజుల్లో అందరికీ కనిపించింది. పార్టీ లేకపోతే మాకు లోడు లేదు. మేము లేకపోతే పార్టీకి అమ్మకం లేదు. ఇందులో దేవుడూ లేడు, భక్తుడూ లేడు. ఇద్దరు వ్యాపారస్తులున్నారు, మధ్యలో ఒక బిల్టీ, అంటే సరుకు రసీదు, ఉంది.

ఆ బిల్టీకి చట్టం ఉంది కూడా. 2011 మార్చి నుంచి అమలులో ఉన్న రోడ్డు రవాణా చట్టం, బ్రిటిష్‌వాళ్ళ 1865 నాటి చట్టం స్థానంలో వచ్చింది. సరుకు వివరాలు, విలువ రాసిచ్చే బాధ్యత పంపేవాడిది, రసీదు ఇచ్చే బాధ్యత రవాణా సంస్థది అని అందులో ఉంది. సరుకు పోతే రవాణా సంస్థ నిర్లక్ష్యాన్ని పార్టీ రుజువు చెయ్యక్కర్లేదు. ఎక్కువ రిస్కు రేటు కడతామని ముందే ఒప్పుకోకపోతే మాత్రం పరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. పార్టీకి ఇంత రక్షణ ఉంది. గుమస్తా చేతి పెన్నుతో బ్యాలెన్సు కోసే అధికారం ఆ చట్టంలో నాకు ఎక్కడా కనిపించలేదు.

మిల్లు ఓనర్లకు, గోడౌన్ యజమానులకు నాది ఒక్కటే మనవి. డ్రైవర్లకు తరగతులు తర్వాత పెట్టించండి. రేపు మీ గేటు ముందు లారీ ఆగితే, తరుగు రాసే ముందు కాటా రెండుసార్లు వెయ్యమని మీ గుమస్తాకు చెప్పండి. నిండు బండి ఒకసారి, ఖాళీ బండి ఒకసారి.